అక్షరం కొడితే అంకె పడుతోంది!

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరానికి యీ వారం శీర్షిక అంతా కేటాయిస్తున్నాను. ఒక్క ఉత్తరానికి ఇంత చోటెందుకని మిగిలినవారు కోపగించుకోకూడదు. ఆమెకు వచ్చిన చిక్కే చాలా ఇళ్ళల్లో వస్తున్నది. దాని మూలాన పెద్దలకూ పిల్లలకూ మాటపట్టింపులు కూడా వస్తున్నాయి. పేరు వేయవద్దన్నారు గనుక పేరు లేకుండానే ఉత్తరం చదవండి:

"మా తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. తను కొత్తది కొనుక్కుని, పాత లాప్‌టాప్ మా అమ్మాయికిచ్చాడు. అమ్మాయి ఖమ్మంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పి.జి. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవాలి. గడువు పది రోజులే వుంది. వారం రోజులనుంచీ దీనికేం మాయరోగం పట్టిందో తెలియడం లేదు. కొన్ని అక్షరాలు కొడితే అంకెలు పడుతున్నాయి. ఛార్జింగు పెట్టి వ్రాస్తుంటే, వ్రాసే వరుస ఒకటి, అక్షరాలు పడే వరుస ఒకటి. రెండు రోజులనుంచీ ఎవరూ ముట్టుకోకుండానే ఖాళీలు పడిపోతున్నాయి. మా అబ్బాయి, అమ్మాయికన్న పెద్దవాడు, మొన్న ఆదివారం వచ్చి దీనికే ఒక పెద్ద కీబోర్డు తగిలించి మిర్చి లెక్కలు కొట్టుకున్నాడు. అప్పుడు బాగానే వుంది. 'నా చేతిలో బాగున్నది నీ చేతిలో ఎందుకు పాడైంది?' అని చెల్లెలిమీద కేకలేశాడు. మా వారు 'ఇక దాన్ని ముట్టుకోకు' అని తీసి బీరువాలో పెట్టేశారు. పిల్ల రెండు రోజులనుంచీ సరిగా అన్నం తినడం లేదు. మా అత్తగారు దిష్టి తగిలిందంటున్నారు. ఇంకొక్క మాట. లాప్‌టాప్ మధ్యలో కాస్త ఉబ్బినట్లుంది. మూత పూర్తిగా పడటం లేదు. పైన బరువు పెడితే సర్దుకుంటుందంటారా?"

పత్రికలో జవాబు అచ్చయ్యేసరికి గడువు ఎటూ దాటిపోతుంది. అదీగాక, ఉత్తరంలోని ఆఖరి మాట చదివాక ఆగడం మంచిది కాదని ఆ పూటే ఆమెకు ఫోను చేసి చెప్పవలసింది చెప్పాను. ఇప్పుడు వ్రాస్తున్నది మిగిలిన పాఠకుల కోసం.

ఆఖరి మాటే మొదటి మాట

"ఇంకొక్క మాట" అని ఆ తల్లి చివర్లో వ్రాసిందే, అన్నిటికంటె ముందు చూడవలసింది అదే. ఉబ్బింది కీబోర్డు కాదు. దానికింద వున్న బాటరీ. లాప్‌టాపుల్లో వాడేది లిథియం బాటరీ. ఇటీవలి రకాల్లో అది పలచని సంచీలాంటి తొడుగులో వుంటుంది. ఏళ్ళు గడిచినకొద్దీ, వేడి తగిలినకొద్దీ, లోపలి రసాయనాలు చెడి వాయువు పుడుతుంది. ఆ వాయువు పోయే దారి లేక సంచీ ఉబ్బుతుంది. ఉబ్బిన సంచీ పైనున్న కీబోర్డును కిందినుంచి పైకి నెడుతుంది. అలా నెట్టినప్పుడు కొన్ని కీలు వాటంతటవే నొక్కుకున్నట్లవుతాయి. ఎవరూ ముట్టుకోకుండానే ఖాళీలు పడటంలో వున్న రహస్యం ఇదే. దిష్టి కాదు, దయ్యమూ కాదు.

దానిమీద బరువు పెట్టడమంత ప్రమాదం మరొకటి లేదు. ఉబ్బిన బాటరీని నొక్కినా, గుచ్చినా, వంచినా లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంట లేవవచ్చు. చీరెల మధ్య బీరువాలో పెట్టడం కూడా మంచిది కాదు. చేయవలసింది ఇది: ఛార్జరు తీసేయండి. లాప్‌టాప్ పూర్తిగా ఆపండి. పరుపులకూ బట్టలకూ ఎడంగా, గచ్చుమీదనో రాతి అరుగుమీదనో, ఎండ తగలని చోట, పిల్లలకు అందకుండా వుంచండి. మళ్ళీ ఛార్జింగు పెట్టవద్దు. బాగుచేసేవాడి దగ్గరకు తీసుకువెళ్ళి "బాటరీ ఉబ్బింది" అని ముందే చెప్పండి. పాత రకాల్లో కిందనున్న గొళ్ళెం జరిపితే బాటరీ ఊడివచ్చేది. ఇప్పటివాటిలో లోపల మరలతో బిగించి వుంటుంది. అది ఇంట్లో విప్పే పని కాదు.

తీసేసిన బాటరీని చెత్తబుట్టలో వేయవద్దు. 2022లో వచ్చిన బాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బాటరీని ఇంటి చెత్తలో కలపకుండా వేరుగా అప్పగించాలి. బాగుచేసే దుకాణంలోనే ఇచ్చి రావడం తేలిక.

మీ ఇంట్లో లాప్‌టాప్ వుంటే ఒక్కసారి బల్లమీద పెట్టి చూడండి. నాలుగు మూలలూ బల్లకు ఆనుతున్నాయా? మూత సమంగా పడుతోందా? వేలు రాసే పలక, అదే టచ్‌పాడ్, ఒక ప్రక్క లేచిందా? ఎంత పాత లాప్‌టాప్ అయినా యీ మూడూ నెలకొకసారి చూసుకోవడం మంచిది.

మూడు జబ్బులు, మూడు కారణాలు

ఆ సోదరి చెప్పిన లక్షణాలు మూడు. చాలామంది పొరబడేది ఇక్కడే. మూడూ ఒకేసారి కనబడ్డాయి గనుక మూడింటికీ కారణం ఒకటే అనుకుంటారు. తీరా దుకాణానికి వెళితే "కీబోర్డు పోయింది, మొత్తం మార్చాలి" అంటారు. మార్చినా జబ్బుల్లో ఒకటి పోతుంది, రెండు వుంటాయి. అప్పుడు "మదర్‌బోర్డు పోయింది" అంటారు. అందుచేత ముందు కీబోర్డు ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకోవాలి.

మన తండ్రుల కాలంలో టైపు ఇన్‌స్టిట్యూట్లు వుండేవి. లోయరు, హయ్యరు పరీక్షలు పాసైతే ఉద్యోగానికి దారి దొరికేది. ఆ మిషన్లో ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ఇనుప చేయి. అక్షరం పడకపోతే ఏ చేయి వంగిందో కంటికే కనిపించేది. మన దేశంలో గోద్రెజ్ సంస్థ 1955లో టైపు మిషన్లు చేయడం మొదలుపెట్టి, 2009లో ఆపేసింది. మిషన్లు పోయాయి గాని వాటి అక్షరాల వరుస మాత్రం పోలేదు. అమెరికాలో షోల్స్ అనే ఆయన 1868లో పేటెంటు పొందిన యంత్రం నుంచి పెరిగి, 1874లో రెమింగ్టన్ వారు అమ్మకానికి పెట్టిన మిషనుతో లోకంలోకి వచ్చిన వరుసే యీనాటికీ మన లాప్‌టాపుల మీద కొద్ది మార్పులతో వుంది.

లాప్‌టాప్‌లో ఇనుప చేతులు లేవు. కీలకింద రెండు పలచని ప్లాస్టిక్ రేకులుంటాయి. వాటిమీద విద్యుత్తు ప్రవహించే సన్నని గీతలు అచ్చువేసి వుంటాయి. ఒక రేకుమీద అడ్డగీతలు, మరొక రేకుమీద నిలువు గీతలు. నేతగాడి మగ్గంమీద పడుగూ పేకా వున్నట్లన్నమాట. కీ నొక్కితే ఒక అడ్డగీతా ఒక నిలువు గీతా ఒకచోట తగులుకుంటాయి. లోపలి చిన్న పరికరం ఆ గీతలన్నిటినీ క్షణానికి ఎన్నోసార్లు తడిమి, ఎక్కడ తగిలిందో కనిపెట్టి, ఫలానా కీ నొక్కారని కంప్యూటరుకు చెబుతుంది. సాధారణంగా ఎనిమిది గీతలు ఒక వైపూ, పదహారో అంతకంటె కాస్త ఎక్కువో మరొక వైపూ వుంటాయి. ఎనిమిది పదహార్లు నూట ఇరవై ఎనిమిది కూడళ్ళు. కీలు అన్నీ అందులో ఇమిడిపోతాయి.

ఇంతవరకూ తెలిస్తే సగం రోగనిర్ణయం అయినట్టే. ఒకే ఒక్క కీ పలకకపోతే దానికింద దుమ్ము చేరి వుంటుంది, లేదా అడుగునున్న రబ్బరు బుడిపె అరిగి వుంటుంది. నాలుగైదు కీలు, అవి ప్రక్కప్రక్కన లేకపోయినా సరే, ఒకేసారి చచ్చిపోతే ఒక గీత తెగిందన్నమాట. పడుగులో ఒక పోగు తెగితే గుడ్డ పొడుగునా చార పడదూ, అలాగే. ఒక కీ నొక్కితే రెండు అక్షరాలు పడుతుంటే రెండు గీతలు కలిసిపోయాయి. టీయో నీళ్ళో పడినచోట ఇది మామూలు. కీలన్నీ ఒకేసారి మూగబోతే కీబోర్డును లోపలికి కలిపే పట్టీ వదులైందేమో చూడాలి. ఇక కీలన్నీ చక్కగా పలుకుతూ, ఒకటి కొడితే మరొకటి పడుతుంటే, గీతలకు ఏ జబ్బూ లేదు. కంప్యూటరుకు ఎవరో వేరే ఆజ్ఞ ఇచ్చారు, అంతే.

అమ్మాయి తప్పేమీ లేదు

అక్షరం కొడితే అంకె పడటం యీ ఆఖరి జాతికి చెందినది. ఆఫీసు కీబోర్డుకు కుడివైపున అంకెల గడులు వేరే వుంటాయి. చిన్న లాప్‌టాపుల్లో వాటికి చోటు లేదు. అందుచేత పాత రకాల్లో ఆ అంకెల్ని అక్షరాల కీలమీదనే ఎక్కించారు. ఇంగ్లీషు యు, ఐ, ఓ అనే అక్షరాలమీద 4, 5, 6. జె, కె, ఎల్ మీద 1, 2, 3. ఎం మీద సున్న. జాగ్రత్తగా చూస్తే ఆ కీల మూలల్లో వేరే రంగులో యీ అంకెలు చిన్నగా కనిపిస్తాయి. నమ్‌లాక్ అనే కీ పనిచేస్తున్నంతసేపూ యీ అక్షరాలన్నీ అంకెలై కూచుంటాయి.

ఉదాహరణకు, లక్ష్మి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారనుకోండి. మొదటి ఎల్ బదులు 3 పడుతుంది. ఏ అక్షరం ఏ గానే వుంటుంది. కె బదులు 2. ఎస్, హెచ్ మామూలే. ఎం బదులు సున్న. ఐ బదులు 5. చూసినవాడు ఏ వైరస్సో పట్టిందనుకుంటాడు. ఏ వైరస్సూ లేదు.

మరి నమ్‌లాక్‌ను నొక్కిందెవరు? ఉత్తరంలోనే జవాబు వుంది. అబ్బాయి ఆదివారం నాడు పెద్ద కీబోర్డు తగిలించి లెక్కలు కొట్టుకున్నాడు. అంకెల గడులు పనిచేయాలంటే నమ్‌లాక్ వేయాలి. వేశాడు. అతను వాడిన కీబోర్డులో అంకెలకు వేరే గడులున్నాయి గనుక అక్షరాలు అక్షరాల్లాగే పడ్డాయి. పని అయ్యాక కీబోర్డు ఊడదీసి వెళ్ళిపోయాడు. నమ్‌లాక్ మాత్రం కంప్యూటరులో అలాగే వుండిపోయింది. మరునాడు చెల్లెలు లాప్‌టాప్ సొంత కీలమీద వ్రాయబోయేసరికి అంకెలు ప్రత్యక్షమైనాయి. "నా చేతిలో బాగుంది" అన్న మాట నిజమే. కాని అందులో చెల్లెలి తప్పు వీసమెత్తు లేదు. అన్నయ్య తప్పు కూడా లేదు, తెలియక జరిగింది. తెలియకుండా కేకలెయ్యడం మాత్రం తప్పే. ఆ సంగతి అతనికి నెమ్మదిగా చెప్పమని తల్లికి చెప్పాను.

దీనికి మందు నమ్‌లాక్ కీని మరొకసారి నొక్కడమే. కొన్నిటిలో ఎఫ్‌ఎన్ అనే కీని పట్టుకుని నమ్‌లాక్ నొక్కాలి. ఆ కీయే కనబడకపోతే పెద్ద కీబోర్డు మళ్ళీ తగిలించి, దానిమీద నమ్‌లాక్ తీసేసి, ఊడదీయండి.

దీంట్లోనే ఇంకొక చిక్కుంది. సంకేతపదం, అదే పాస్‌వర్డు, కొట్టేటప్పుడు తెరమీద చుక్కలే కనిపిస్తాయి. అక్షరాలకు బదులు అంకెలు పడినా మనకు తెలియదు. "సంకేతపదం తప్పు" అని కంప్యూటరు అంటుంది. మూడుసార్లు, నాలుగుసార్లు అలా అయితే కొన్నిచోట్ల ఖాతాకు తాళం పడుతుంది. అందుచేత ఎప్పుడైనా సంకేతపదం చెల్లకపోతే ముందు నమ్‌లాక్, క్యాప్స్‌లాక్ చూసుకోండి. గడిలో కంటిబొమ్మ వుంటే దాన్ని నొక్కి ఏం పడుతోందో చదవండి. ప్రక్కన పరాయివాళ్ళు లేనప్పుడు సుమా!

మూడో కాలు లేని ప్లగ్గు

ఛార్జింగు పెట్టినప్పుడు అక్షరాలు వేరే వరుసలోకి దూకడం మూడో జబ్బు. ఇది కీబోర్డు పని కాదు. టచ్‌పాడ్ పని. వేలిలో వుండే విద్యుత్ గుణాన్ని పసిగట్టి అది బాణం గుర్తును కదుపుతుంది. ఛార్జరుకు మూడు పిన్నులుంటే మూడోది ఎర్తు. గోడలోని సాకెట్టుకు మూడు చిల్లులున్నంత మాత్రాన వెనకాల ఎర్తు తీగ వున్నదని నమ్మకం లేదు. పాత ఇళ్ళల్లో చాలాచోట్ల వుండదు. వున్నా భూమిలోని కడ్డీ దగ్గర తుప్పుపట్టి తెగిపోయి వుంటుంది. అప్పుడు ఛార్జరు నుంచి అతి కొద్దిగా విద్యుత్తు లాప్‌టాప్ ఒంటికి చేరుతుంది. ఇనుప ఒళ్ళయితే చేయి ఆనిస్తే సన్నగా చురచురమంటుంది. టచ్‌పాడ్ తికమకపడి బాణాన్ని ఇష్టం వచ్చినచోట పడేస్తుంది. వ్రాస్తున్న అక్షరాలు అక్కడికి పోతాయి.

పరీక్ష తేలిక. బాటరీ బాగున్న లాప్‌టాప్ అయితే ఛార్జరు తీసి పది నిమిషాలు వ్రాయండి. దూకుడు ఆగితే ఛార్జరో, సాకెట్టో కారణం. ఆగకపోతే వ్రాసేటప్పుడు మీ అరచేయి టచ్‌పాడ్‌కు తగులుతున్నదేమో చూసుకోండి. టచ్‌పాడ్‌ను ఆపి, మౌస్ పెట్టుకుంటే ఆ చిక్కు తీరుతుంది. ఎర్తు సంగతి మాత్రం ఎలక్ట్రీషియనుకే వదలాలి. లాప్‌టాప్ కోసమే కాదు, ఇంట్లో గ్రైండరుకూ గీజరుకూ కూడా ఆ మూడో తీగే ప్రాణరక్షణ.

ఇతర పాఠకులకు

ఇలాంటివే మరి కొన్ని వేషాలున్నాయి. షిఫ్ట్ కీని వరుసగా అయిదుసార్లు నొక్కితే "స్టికీ కీస్" అనే ఏర్పాటు మేలుకుంటుంది. అప్పుడు షిఫ్ట్, కంట్రోలు వంటి కీలు వదిలేసినా నొక్కినట్లే వుంటాయి. కుడివైపు షిఫ్ట్‌ను ఎనిమిది సెకండ్లు పట్టుకుంటే "ఫిల్టర్ కీస్" మేలుకుంటుంది. అప్పుడు కీని కాసేపు నొక్కి పట్టుకుంటేగాని అక్షరం పడదు. చంటిపిల్లలు కీబోర్డు దగ్గర కూచున్నప్పుడు ఇవి జరుగుతుంటాయి. వీటిని పనికిమాలిన ఏర్పాట్లనుకోవద్దు. రెండు చేతులూ స్వాధీనంలో లేనివారికీ, చేతులు వణికేవారికీ ఒక్క వేలితో వ్రాసుకునే వీలు కల్పించడానికి పెట్టినవి. 1995 నాటి విండోస్‌లోనే వున్నాయి. అవసరం లేనివారు సెట్టింగుల్లో "యాక్సెసిబిలిటీ" అన్నచోట వీటిని ఆపుకోవచ్చు.

రెండోది భాషల తికమక. విండోస్ బొమ్మ వున్న కీని పట్టుకుని స్పేసు నొక్కితే కీబోర్డు భాష మారిపోతుంది. ఇంగ్లీషులోనే అమెరికా వరుస వేరు, బ్రిటన్ వరుస వేరు. బ్రిటన్ వరుసలో, ఈ-మెయిలు చిరునామాలో వచ్చే "ఎట్" గుర్తు కొడితే కొటేషను గుర్తు పడుతుంది. తెలుగుకైతే ఇన్‌స్క్రిప్ట్ అనే వరుస వుంది. 1991లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. భారతీయ భాషలన్నిటికీ క అక్షరం ఒకే కీమీద, ప అక్షరం ఒకే కీమీద వుండేటట్లు అమర్చిన చక్కని వరుస అది. కాని అది వేసివున్నదని తెలియక, మణి అని ఇంగ్లీషు స్పెల్లింగులో కొడితే తెరమీద "సోలగ" అని పడుతుంది! ఇంగ్లీషు ఉచ్చారణనుబట్టి తెలుగు వ్రాసే ఫొనెటిక్ వరుసను విండోస్ 10లో 2019లో చేర్చారు. తెర కింద కుడిమూలన ఏ భాష పేరు కనిపిస్తోందో ఒకసారి చూస్తే చాలు.

మూడోది ఫాంటుల తికమక. పెళ్ళి శుభలేఖ అచ్చు వేసేవారి దగ్గర "అను" వంటి ఫాంటుల్లో కొట్టిన తెలుగును మన లాప్‌టాప్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అది కీబోర్డు జబ్బు కాదు. ఆ ఫాంటులు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్నవి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ సొంతంగా 128 గళ్ళున్నాయి. దరఖాస్తులకూ ఉత్తరాలకూ యూనికోడ్ తెలుగే వాడుకోవాలి.

పరీక్షించే వరుస

ఏ జబ్బయినా దుకాణానికి పరుగెత్తేముందు ఇంట్లో చేయదగిన పరీక్షలు కొన్ని వున్నాయి. బాటరీ ఉబ్బని లాప్‌టాప్‌కే సుమండీ.

మొదట రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్ళీ వేస్తే చాలదా అంటారేమో. కొత్త విండోసుల్లో షట్‌డౌన్ చేసినా త్వరగా లేవడం కోసం కొంత జ్ఞాపకం దాచుకుంటుంది. రీస్టార్ట్ అంటేనే మొదటినుంచి మొదలవుతుంది.

తరువాత విండోస్, కంట్రోలు, ఓ అనే మూడు కీలూ కలిపి నొక్కండి. ఆ కీలే పలకకపోతే స్టార్టు గడిలో వెతికి తెరవండి. తెరమీద కీబోర్డు బొమ్మ వస్తుంది. మీరు నొక్కిన కీ ఆ బొమ్మలో మెరుస్తుంది. మీరు నొక్కకుండానే ఏదైనా మెరుస్తుంటే ఆ కీ ఇరుక్కుంది.

ఆ తరువాత ప్రక్కింటివారి దగ్గరైనా సరే ఒక విడి కీబోర్డు తెచ్చి తగిలించండి. దానిమీద అన్నీ సరిగా పడితే లోపం లాప్‌టాప్ కీబోర్డులో వుంది. దానిమీద కూడా అవే వేషాలు వస్తే లోపం సెట్టింగుల్లో వుంది. ఒక్క మినహాయింపు: లాప్‌టాప్‌లో కంట్రోలు కీయో షిఫ్ట్ కీయో ఇరుక్కుని వుంటే బయటి కీబోర్డు కూడా తప్పులే చేస్తుంది. అందుకే బొమ్మ పరీక్ష ముందు చెప్పాను.

తెలిసినవారు ప్రక్కన వుంటే, లాప్‌టాప్ వెలిగే క్షణంలో వచ్చే బయోస్ తెరలోకి వెళ్ళి చూడవచ్చు. విండోస్ ఇంకా లేవలేదు గనుక, అక్కడ కూడా కీలు వాటంతటవే కదిలితే జబ్బు శరీరానిదే, మనసుది కాదు.

దుమ్ము సంగతి మన ప్రాంతాలకు ప్రత్యేకం. ఖమ్మం వైపు మిర్చి, పత్తి పండే ఊళ్ళల్లో కళ్ళాల రోజుల్లో ఇంట్లో ఏ వస్తువుమీద చూసినా కారపు ధూళి, దూది నూగు. వాడనప్పుడు మూత వేసి, గుడ్డ కప్పండి. దులపాలంటే లాప్‌టాప్ ఆపి, ఛార్జరు తీసి, ఏటవాలుగా పట్టుకుని మెత్తని కుంచెతో దులపండి. తడిగుడ్డ వద్దు. కీలు గోటితో పెరకవద్దు. కిందనున్న సన్నని కొక్కేలు విరిగితే మళ్ళీ కూచోవు.

టీ ఒలికితే ఆలోచించే వ్యవధి లేదు. వెంటనే ఛార్జరు లాగేయండి. ఆపుచేసే బటను పది సెకండ్లపాటు నొక్కిపట్టి ఆపండి. తెరిచిన పుస్తకాన్ని బోర్లా పెట్టినట్లు గుడ్డమీద బోర్లించండి. "ఆరిందా లేదా చూద్దాం" అని మధ్యమధ్య వేసి చూడవద్దు. నీటికన్న చక్కెర టీ ఎక్కువ చెరుపు చేస్తుంది. ఆరినా బంక మిగులుతుంది, ఆ తీపికి చీమలు కూడా చేరతాయి. అందుచేత విప్పి శుభ్రం చేయించవలసిందే. బియ్యం డబ్బాలో పెడితే తేమ పీల్చుకుంటుందనేది ఒట్టి వాడుక. గింజలూ పిండీ చిల్లుల్లోకి పోవడమే మిగులుతుంది.

దుకాణానికి ఇచ్చేముందు మీ ఫోటోలూ కాగితాలూ వేరే చోట నకలు తీసుకోండి. బాంకు ఖాతాల సంకేతపదాలు లాప్‌టాప్‌లో దాచివుంటే తీసేయండి. కీబోర్డు ఒక్కటే పోయి, మార్చడానికి ఖర్చు ఎక్కువ చెబితే, కొన్ని వందల రూపాయలకు విడి కీబోర్డు దొరుకుతుంది. లోపలి కీబోర్డు పట్టీ ఊడదీయించి, బయటిదానితో ఏళ్ళతరబడి పని గడుపుకుంటున్నవారున్నారు. ఇంకొక సంగతి: 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే రక్షణ సవరణలు ఆగిపోయాయి. పాత లాప్‌టాప్‌కు పెద్ద ఖర్చు పెట్టేముందు అది కొత్త విండోస్‌ను మోయగలదో లేదో అడిగి తెలుసుకోండి.

దరఖాస్తు సంగతి

ఆ సోదరికి ఫోనులో చెప్పినవాటిలో బాటరీ తరువాతది దరఖాస్తు. జబ్బుపడ్డ కీబోర్డుతో దరఖాస్తు నింపకూడదు. ఒక్క అక్షరం జారితే పేరు మారుతుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరూ, హాలు టిక్కెట్టులో మరొక పేరూ వుంటే సర్టిఫికెట్లు చూసే రోజున పిల్లనే నిలబెడతారు. దిద్దించుకోవడానికి తిరిగే తిరుగుడు దరఖాస్తు రుసుముకంటె ఎక్కువవుతుంది. అందుచేత నెట్ సెంటరుకో, మీసేవా కేంద్రానికో వెళ్ళండి. పది నిమిషాలు ఎక్కువైనా సరే, పంపేముందు ఒకరు సర్టిఫికెట్టు పట్టుకుని ఒక్కొక్క అక్షరం పైకి చదవాలి. మరొకరు తెరమీద సరిచూడాలి. పుట్టిన తేదీ, ఫోను నెంబరు అంకె అంకెగా చూడాలి. తెలుగులో పేరు అడిగితే పొల్లులూ వత్తులూ కూడా చూడాలి. రాజ్‌కుమార్ అన్నది రాజ్కుమార్ అని పడితే చదివేవాడు ఏమని చదువుతాడు? పంపాక నకలు అచ్చు తీసి దాచుకోవాలి.

ఇది వ్రాసి పత్రికకు పంపేలోగా ఆమె నుంచి మళ్ళీ కబురొచ్చింది. దరఖాస్తు నెట్ సెంటరులో నింపారట. అన్నయ్యే వెంట వెళ్ళి, సర్టిఫికెట్టు పట్టుకుని అక్షరాలు చదివాడట. లాప్‌టాప్ ఖమ్మంలో బాగుకు ఇచ్చారు. విప్పి చూస్తే బాటరీ దిండులా వున్నదట. ఇల్లు కట్టిననాటి ఎర్తు తీగ ఎక్కడ తెగిందో వెతకడానికి ఎలక్ట్రీషియను వచ్చే వారం వస్తానన్నాడు. నమ్‌లాక్ సంగతి చెప్పినప్పుడు అబ్బాయి ముందు నమ్మలేదట. బాగుచేసేవాడి దుకాణంలో కొత్త బాటరీ వేశాక తానే నొక్కి చూసుకుని, ఇంటికొచ్చి చెల్లెలితో రెండు మాటలు మాట్లాడాడట. ఆ మాటలేమిటో ఆమె వ్రాయలేదు, నేనూ అడగలేదు. పిల్ల అన్నం తింటున్నదని మాత్రం వ్రాశారు.